నది ఒడ్డున పెరుగన్నం

జూన్ నెల లాంగ్ వీకెండ్ దాటిందంటే స్నోయీ కొండల్లోని నదులకు తాళం పడుతుంది. రాజుగారి పుట్టినరోజు సెలవు వరకే అక్కడ ట్రౌట్ చేపల్ని పట్టనిస్తారు. ఆ తర్వాత అవి హాయిగా గుడ్లు పెట్టుకుని, చలికాలమంతా ఎవరి గొడవా లేకుండా ఉండాలని ప్రభుత్వం వారి దయ. మనుషులకు కూడా అలాంటి సెలవు ఎవరైనా ఇస్తే బాగుండునని ఆ ఏడాది నాకు చాలాసార్లు అనిపించింది.

ఏటా ఆ తాళం పడేలోగా మా ఆయన అక్కడికి వెళ్లి తీరాలి. సిడ్నీలో గిరావీన్‌లోని మా ఇంటి నుంచి చీకటితో బయలుదేరితే భోజనాల వేళకు నది దగ్గరికి చేరతాం. ఇరవై ఏళ్ల పాటు కారు ఆయన నడిపేవారు, నేను పక్కన కూర్చుని కునుకు తీసేదాన్ని. ఇప్పుడు నేను నడుపుతున్నాను, ఆయన కునుకు తీస్తున్నారు. ఆయనకు పార్కిన్సన్స్. చేతులు వణకడం అందరికీ కనిపిస్తుంది కాబట్టి అందరూ దాని గురించే అడుగుతారు. చొక్కా గుండీలు పెట్టడం, మంచం మీద పక్కకు తిప్పడం, గుమ్మం దగ్గర హఠాత్తుగా కాళ్లు నేలకు అతుక్కుపోయి ఆయన నిలబడిపోతే వెనక నేనూ నిలబడిపోవడం, ఇవి ఎవరికీ కనిపించవు. పారమట్టాలో నా ఆఫీసు పని వారానికి సగం రోజులకు తగ్గించుకున్నాను. మిగిలిన సగం రోజుల్లో చేసేది కూడా పనే.

ఈసారి నేను ఒక మాట మనసులో పెట్టుకుని బయలుదేరాను. ఇదే చివరిసారి అని ఆయనకు చెప్పాలి. చెప్పి, ఒప్పించి, గరాజ్‌లో ఉన్న ఆ గాలపు కర్రలన్నీ ఎవరికైనా ఇచ్చేస్తానని ఆయన చేతే అనిపించాలి. అంత దూరం కారు నడపడం నా వల్ల కావడం లేదు. ఆయన నీళ్లలో నిలబడి ఉంటే కారులో కూర్చుని ఊపిరి బిగబట్టి చూడడం అంతకన్నా కావడం లేదు.

ఈ మాట చెప్పమన్నది మెల్‌బోర్న్‌లో ఉన్న మా అమ్మాయి. బయలుదేరే ముందురోజు సాయంత్రం ఫోన్ చేసింది. నా చేతులు చింతపండు పులుసులో ఉన్నాయి, అందుకని ఫోన్ స్పీకర్లో పెట్టి వంటింటి గట్టు మీద ఆనించాను. అది మేం చెప్పే తెలుగంతా అర్థం చేసుకుంటుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే ఇస్తుంది.

"అమ్మా, యూ సౌండ్ సో టైర్డ్. దిస్ హాజ్ టు బీ ద లాస్ట్ వన్. జస్ట్ టెల్ హిమ్."

"చెప్తాలేవే. నది దగ్గర చెప్తా. ఇంట్లో చెప్తే తర్వాత ఆ మొహం రోజంతా చూస్తూ కూర్చోవాలి."

"ప్రామిస్?"

"ప్రామిస్సే తల్లీ. ఇదే చివరిసారి. ఇంక నాకూ ఓపిక లేదు."

ఆయన అప్పుడు గరాజ్‌లో ఉన్నారు, రబ్బరు ప్యాంటు వెతుక్కుంటూ. ఛాతీ దాకా వచ్చే ఆ ప్యాంటును వీళ్లు వేడర్లు అంటారు. అది వేసుకున్నాక ఆయన్ని చూస్తే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది.

ఈ చేపల పిచ్చి ఎలా మొదలైందో చెప్పాలి. ఈ దేశం వచ్చిన కొత్తలో ఆయన ఆఫీసులో ఒక పెద్దాయన ఉండేవాడు, ఇక్కడివాడే. ఆయన ఒక శనివారం మా ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లి ఈకలతో చేసిన ఎర ఎలా విసరాలో నేర్పించాడు. దీన్ని ఫ్లై ఫిషింగ్ అంటారు. వానపాము గుచ్చడం, గట్టు మీద కూర్చుని బీడీ కాల్చుకుంటూ బెండు వంక చూడడం ఇందులో ఉండవు. కోడి ఈక, నెమలి ఈక, కాస్త దారం కలిపి గాలం మీద చుట్టి, పురుగులా కనిపించేట్టు చేసి, నీళ్లలో నిలబడి కొరడాలా విసరాలి. మా ఆయన గోదావరి ఒడ్డున పుట్టిన మనిషి, చేప అంటే ప్రాణం. ఇంకేముంది, ఆ శనివారం నుంచి చేతికి చిక్కలేదు.

నేను చేప ముట్టుకోని ఇంట్లో పుట్టాను. పెళ్లి మాటలప్పుడే ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. బయట ఏం తింటారో నేను అడగను, ఇంట్లోకి మాత్రం నీచు రాకూడదు. మొదటిసారి, నేనింకా వెంట వెళ్లని రోజుల్లో, ఆయన కొండల్లో చేపను పట్టినప్పుడు ఫోన్ చేసి, "ఎంతుందో తెలుసా, మూరెడుంది! ఏం చెయ్యమంటావ్?" అని అడిగారు. "ఏం చేస్తారో నాకు తెలీదు, నా వంటింట్లోకి మాత్రం రాదు" అన్నాను. పాపం, తిరిగి నీళ్లలో వదిలేసి వచ్చారు. తర్వాత అదే అలవాటైంది. పట్టడం, వదిలేయడం. చేపకు గాయం కాకుండా గాలం ముల్లును పట్టకారుతో నొక్కేసి మరీ పట్టేవారు. ఆయన చేపల క్లబ్బువాళ్లు, ఎంత గొప్ప మనసు, ప్రకృతి మీద ఎంత ప్రేమ అని ఒక ఏడాది షీల్డు కూడా ఇచ్చారు. ఆ షీల్డు మా హాల్లో ఉంది. నిజానికి అది నా వంటింటికి రావాల్సింది.

ఆ ఈకల ఎరలు తయారు చేసుకోవడం కూడా ఇంట్లోనే. ఒకసారి పూజ గదిలో కృష్ణుడి నెత్తి మీది నెమలి ఈక రోజురోజుకీ బోడి అవుతుంటే నాకు అర్థం కాలేదు. చివరికి ఆ ఈక పోగులన్నీ ఆయన ఎరల డబ్బాలో పురుగులై కనిపించాయి. అడిగితే, "నెమలి పోగు చూస్తే ట్రౌట్ ఆగదే, స్వామి ఏమీ అనుకోడు" అన్నారు. స్వామి సంగతి ఏమో గానీ నేను వారం రోజులు మాట్లాడలేదు.

ఇన్నేళ్లలో నేను ఒక్కసారి కూడా నీళ్ల దాకా వెళ్లలేదు. కారులో కూర్చునేదాన్ని. ఒళ్లో దుప్పటి, చేతిలో ఫ్లాస్కు, ఏదో పుస్తకం. ఆయన మధ్యాహ్నం దాకా విసిరి, ముక్కు ఎర్రగా చేసుకుని తిరిగి వచ్చేవారు. నది పక్కనే ఒక బల్ల, రెండు బెంచీలు ఉన్నాయి. అక్కడ కూర్చుని పులిహోర, బంగాళాదుంప వేపుడు, చివర్న పెరుగన్నం తినేవాళ్లం. ప్రయాణానికి చేసే పెరుగన్నంలో పెరుగు ఎక్కువ వేయకూడదు, పులుస్తుంది. వేడి అన్నంలో పాలు పోసి మెత్తగా మెదిపి, చల్లారాక ఒక చెంచా పెరుగు వేసి కలిపితే, దారిలో అదే తోడుకుని మధ్యాహ్నానికి కమ్మగా ఉంటుంది. పైన అల్లం, పచ్చిమిర్చి, ఆవాలు, కరివేపాకు తాలింపు. పక్కన వేయించిన ఊరమిరపకాయ. అంత చలిలోనూ అది చల్లగా గొంతు దిగుతుంటే ఆయన కళ్లు మూసుకునేవారు. "ఇప్పుడు పూర్తయింది" అనేవారు. చేప పడినా పడకపోయినా ఆ మాట మాత్రం అనేవారు.

జబ్బు వచ్చాక ఆ పెరుగే శత్రువైంది. ఆయన మాత్రకూ ప్రోటీన్‌కూ పడదు. పెరుగు, పప్పు, పాలు మాత్రతో పాటు కడుపులో పడితే మాత్ర ఒంటికి పట్టదు. అందరికీ ఇంత తేడా కనిపించదట, ఈయనకు మాత్రం చెప్పి చేసినట్టు జరుగుతుంది. పగలు ఒక కప్పు పెరుగు తింటే సాయంత్రం దాకా మనిషి కొయ్యబారిపోతాడు. అందుకని డాక్టరు చెప్పినట్టు పెరుగూ పప్పూ రాత్రికి మార్చాను. మధ్యాహ్నం కూరన్నం, చారన్నం, అంతే. చారన్నం అయిపోయాక కూడా ఆయన కంచం ముందు అలాగే కూర్చుంటారు, ఇంకా ఏదో వడ్డించాల్సి ఉన్నట్టు. నేను కంచం తీసేస్తాను. మొదట్లో జాలేసేది, తర్వాత విసుగేసేది, ఇప్పుడు రెండూ లేవు. తీసేస్తాను, కడిగేస్తాను.

ఆయన ముందు నేను కూడా పగటిపూట పెరుగు తినడం మానేశాను. కానీ ఆ రోజు అంత దూరం కారు నడపాలి కదా, నాకు కడుపులో మంట. ఎవరికీ చెప్పకుండా ఒక చిన్న స్టీలు డబ్బాలో నా ఒక్కదానికి పెరుగన్నం పెట్టుకున్నాను. చలికి మా కుండీలో కరివేపాకు మొక్క ఆకంతా రాల్చేసింది, ఉన్న నాలుగు రెబ్బలూ దానికే వేశాను. డబ్బాను తువ్వాలులో చుట్టి సంచీ అడుగున దాచాను. ఆయన నీళ్లలోకి దిగాక ఒడ్డున కూర్చుని తినాలని నా ఆలోచన. ఆయనకు కట్టిన పులిహోరలో వేరుశనగ గుళ్లు కూడా వేయలేదు. వేరుశనగ గుళ్లు లేని పులిహోర తినే మనిషి గురించి మీరే ఆలోచించుకోండి.

దారి పొడుగునా కార్ల మీద మంచులో జారే పలకలు కట్టుకుని కుర్రకారు మమ్మల్ని దాటిపోతూనే ఉన్నారు. వాళ్లకు అది సీజన్ మొదలు, మాకు సీజన్ ఆఖరు. గోల్‌బర్న్ దాటాక ఆయన లేచారు. ఆ మాట చెబుదామని నోరు తెరిచాను. ఆయన కిటికీలోంచి బయటకు చూస్తున్నారు. ఈ జబ్బు మనిషి మొహాన్ని కూడా బిగించేస్తుంది. నవ్వు, కోపం, దిగులు ఏదీ పైకి తేలదు. ముప్పై ఏళ్లు ఆ మొహం చూసి లోపల ఏముందో చెప్పగలిగినదాన్ని, ఇప్పుడు మూసిన తలుపు ముందు నిలబడ్డట్టుంటుంది. ఏమనుకుంటున్నారో తెలియకుండా ఎలా చెప్పను? కూమాలో కాఫీ తాగేటప్పుడు చెబుదామనుకున్నాను. అక్కడా చెప్పలేదు.

నది దగ్గర చలి ఎముకల్లోకి దిగుతోంది. చుట్టూ జామాయిల్ జాతి చెట్లే, కాని మంచుకు వంకర్లు తిరిగి, బెరడు ఊడి తెల్లగా ఉంటాయి. నీళ్లు అద్దంలా ఉన్నాయి, అడుగున గులకరాళ్లు కనిపిస్తున్నాయి. ఆ బల్ల దగ్గర మేం తప్ప ఎవరూ లేరు. ఆయనకు మధ్యాహ్నం మాత్ర ఇచ్చి, పులిహోర పెట్టాను. ఇద్దరం తిన్నాం. మాత్ర పనిచేయడం మొదలయ్యాకే నీళ్లలోకి దిగాలని మా నియమం. "కాసేపాగి దిగుదురుగాని, నేను కారులో నడుం వాలుస్తా" అన్నాను. కారు సీటు వెనక్కి వాల్చడమే గుర్తుంది. ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను.

మెలకువ వచ్చేసరికి ఎండ కొండ వెనక్కి వెళ్తోంది. గబగబా కారు తలుపు తీశాను. చూస్తే ఆయన బుద్ధిగా బెంచీ మీద కూర్చుని ఉన్నారు, వేడర్లలో ఒక కాలు పెట్టుకుని, రెండోది పట్టక. నేను వెళ్లి తొడిగించి, నడుము పట్టీ బిగించాను. తర్వాత ఎర కట్టే పని. దారం తల వెంట్రుకంత సన్నం, గాలం కన్ను సూది బెజ్జం కన్నా చిన్నది. ఇదివరకు ఆయన మాట్లాడుతూ మాట్లాడుతూనే కట్టేసేవారు. ఇప్పుడు అది నా పనైంది. దారం తడి చేసి, కన్నులోంచి దూర్చి, చుట్టూ మెలిపెట్టి, పళ్లతో కొస కొరికాను. మల్లెపూలు కట్టిన వేళ్లు నావి, ముడి జారదు.

"బాగా కట్టావు" అన్నారు.

"మోకాళ్ల లోతు దాటి వెళ్లకండి."

"వెళ్లనులే."

అప్పుడు చెప్పాలి నిజానికి. ముడి నా చేతిలో ఉంది, ఆయన ఎదురుగా ఉన్నారు. కానీ దిగబోయే మనిషికి ఏం చెప్తాం? వచ్చాక చెప్తానని మళ్లీ వాయిదా వేశాను.

ఆయన చేతికర్ర ఊతంతో మెల్లగా దిగారు. గాలపు కర్ర చేతిలోకి వచ్చాక వణుకు తగ్గుతుంది, అదొక చిత్రం. దారం వెనక్కి లేచి, గాలిలో సాగి, ముందుకు వచ్చి నీళ్ల మీద చప్పుడు లేకుండా వాలింది. ఒకప్పటంత దూరం కాదు, కాని అదే విసురు. నేను ఒడ్డున రాయి మీద కూర్చుని చూశాను. డబ్బా సంగతి గుర్తొచ్చింది గాని కారు దాకా వెళ్లి తెచ్చుకునే ఓపిక లేకపోయింది. ఆకలి కూడా బరువులాగే అనిపించింది. వచ్చే ఏడు ఈ వేళకు నేను ఇంట్లో సోఫా మీద కాళ్లు చాపుకుని ఉంటాను కదా అని తలచుకున్నాను. సంతోషం కలగాలి. కలగలేదు, అలసట మాత్రమే మిగిలింది.

చలి పెరిగింది. నీళ్ల మీద ఆవిరి లేస్తోంది.

"ఏవండీ, ఇంక వచ్చేయండి!"

ఆయన నీళ్లలో అక్కడే నిలబడి ఉన్నారు.

"వినపడుతోందా? రండి!"

"రాలేను" అన్నారు, తల తిప్పకుండా.

"రాలేనంటే?"

"కాళ్లు అతుక్కుపోయాయే."

మాత్ర వేసుకుని ఇంతసేపయింది, ఇప్పుడు కదా మనిషి చలాకీగా ఉండాల్సింది! ఆ క్షణంలోనే గాలపు కర్ర కొస వంగింది. నీళ్లలో ఏదో బంగారు రంగులో తిరగబడింది. ఇన్నేళ్లలో ఆయనకు చేప పడడం నేను కళ్లారా చూడడం అదే మొదటిసారి, అది కూడా ఇలాంటప్పుడు.

"కర్ర వదిలేయండి! వదిలేసి ఆ చేతికర్ర పట్టుకోండి!"

"వదిలితే దారం తెగుతుంది. ఆ గాలం మూతిలో పెట్టుకుని తిరుగుతుంది అది. నువ్వు రా."

"నేనా?"

"ఇంకెవరున్నారిక్కడ?"

తిట్టుకుంటూనే దిగాను. ఆయన్నీ, ఆ చేపనూ, ఈ దేశాన్నీ, ఎప్పుడో ఆ శనివారం ఆయన్ని వెంటబెట్టుకెళ్లిన పెద్దాయన్నీ, ఎవర్నీ వదల్లేదు. బూట్లు, ప్యాంటు అలాగే. ఆ నీళ్లను చలి అనకూడదు, నొప్పి అనాలి. మోకాళ్ల దాకా వచ్చేసరికి కాళ్లు నావి కానట్టయిపోయాయి. ఆయన పక్కన చేరి ఒక చేత్తో నడుము పట్టీ పట్టుకున్నాను. దగ్గరికి వెళ్తే తెలిసింది, మనిషంతా సన్నగా వణుకుతున్నారు. మొహం మాత్రం ఎప్పటిలాగే ఉంది.

"ముందు మిమ్మల్ని ఒడ్డుకి తీసుకెళ్తా."

"ముందు చేప" అన్నారు. "చేతులు తడిచేసుకో. పొడి చేత్తో పట్టుకుంటే దాని జిగురు పోతుంది, చచ్చిపోతుంది."

"తడవడానికి ఇంక ఏం మిగిలిందండీ నా ఒంటి మీద?"

ఆయన దారాన్ని మెల్లగా దగ్గరికి లాగారు. చేప మా కాళ్ల మధ్యకు వచ్చింది. మూరెడు కన్నా పెద్దదే. ఒళ్లంతా నల్లటి, ఎర్రటి చుక్కలు, కింది దవడ కొక్కెంలా వంకర తిరిగి ఉంది. గుడ్లు పెట్టే కాలంలో మగవాటికి అలా అవుతుందట. "తోక దగ్గర ఒక చెయ్యి, పొట్ట కింద ఒక చెయ్యి. నొక్కకు. పైకెత్తకు" అని చెబుతున్నారు, నాకు కారు నడపడం నేర్పినప్పటి గొంతుతో.

పట్టుకున్నాను. నా జన్మలో చేపను ముట్టుకోవడం అదే. అసహ్యం వేస్తుందనుకున్నాను. వేయలేదు. చల్లగా, నున్నగా, గట్టిగా ఉంది. లోపల ఏదో కొట్టుకుంటోంది, అది దాని గుండో నా వేళ్లలో నెత్తురో తెలియలేదు. ముల్లు నొక్కేసిన గాలం కదా, వేలితో తోయగానే మూతిలోంచి జారి వచ్చేసింది. వదిలేయబోయాను.

"అప్పుడే వదలకు. అలిసిపోయి ఉంది. మూతిని నీళ్లు వచ్చే వైపు పెట్టి పట్టుకో. ఊపిరి తీసుకోనీ. అదే వెళ్తుంది."

అలా వంగి పట్టుకుని నిలబడ్డాను, ఒక మోచెయ్యి ఆయన కాలికి ఆనించి. నడుము విరిగిపోతోంది. దాని మొప్పలు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. ఎంతసేపు అలా ఉన్నానో, ఒక్కసారి తోక జాడించి చేతుల్లోంచి వెళ్లిపోయింది. నీళ్లు నా మొహాన కొట్టింది. ఆయన గొంతులోంచి ఒక చిన్న చప్పుడు వచ్చింది. నవ్వు అది. మొహంలో లేదు గాని గొంతులో ఉంది.

"ఇప్పుడు మీ వంతు" అన్నాను.

కాళ్లు అతుక్కుపోయినప్పుడు లాగకూడదు, పడిపోతారు. పాటకు వేసినట్టు తాళం వేయాలి. కాలేజీలో ఆయన ఎన్.సి.సి. కేడెట్, ఆ కవాతు లెక్క వింటే కాళ్లు వాటంతటవే కదులుతాయి. మా ఇంట్లో గుమ్మం దగ్గర నేను మెల్లగా అంటాను, పక్కింటివాళ్లకు వినపడకుండా. అక్కడ ఎవరున్నారు? రెండు చేతులతో నడుము పట్టీ పట్టుకుని కొండలు మారుమోగేలా అరిచాను: "ఏక్ దో ఏక్! ఏక్ దో ఏక్!"

మొదటిసారి ఏమీ జరగలేదు. రెండోసారి కూడా. మూడోసారి కుడికాలు లేచింది. తర్వాత ఎడమకాలు. ఏక్ దో ఏక్ అంటూ ఇద్దరం ఒకరినొకరం ఆనుకుని ఒడ్డుకి చేరాం. ఒక పక్షి మా అరుపులకు బెదిరి తిడుతూ ఎగిరిపోయింది.

కారులో హీటర్ పూర్తిగా పెట్టాను. ఆయన వేడర్లు లాగేసి, దుప్పటి కప్పి, నా మేజోళ్లు పిండుకున్నాను. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. భయం అప్పుడు మొదలైంది. ఆ కాస్త లోతులోనే జారి పడి ఉంటే ఇద్దరి ఆయుష్షూ ఆ గులకరాళ్ల మీదే తీరిపోయేది. ఇంక వాయిదా లేదు, ఇప్పుడే చెప్పేయాలి, కోపంగానైనా సరే అనుకున్నాను. తల తుడుచుకోవడానికి సంచీలోంచి తువ్వాలు లాగాను. తువ్వాలు విప్పగానే డబ్బా ఒళ్లో పడింది. తేలిగ్గా ఉంది.

మూత తీశాను. సగం లేదు.

నాకు ఒక్కసారిగా అంతా అర్థమైంది. నేను నిద్రపోతుంటే వెనక సీట్లోని సంచీ వెతికి తిన్నారు. మాత్ర మీద పెరుగు పోసుకున్నారు. అది ఒంటికి పట్టలేదు, నీళ్ల మధ్యలో కాళ్లు బిగుసుకున్నాయి.

"పెరుగన్నం తిన్నారా?"

"సగమే. నీకు సగం ఉంచా. ఊరమిరపకాయ ముట్టుకోలేదు."

"మాత్ర పనిచెయ్యదని తెలీదా మీకు?"

"తెలుసు."

"తెలిసి తెలిసి ఎలా తిన్నారండీ! పడిపోతే? నేను లేవకపోతే? మీకేం, మీరు తినేసి దిగుతారు. మిమ్మల్ని లాక్కురాలేక నేను చావాలి!" గొంతు నాది కానంత పెద్దగా వచ్చింది. ఏళ్ల తరబడి మెల్లగా మాట్లాడి దాచుకున్నదంతా అందులో ఉంది.

ఆయన దుప్పటిలోంచి చెయ్యి బయటకు తీశారు. అది వణుకుతూనే వచ్చి నా మోకాలి మీద పడింది.

"వంటింట్లో స్పీకర్ పెట్టి మాట్లాడితే గరాజ్‌లోకి వినపడదనుకున్నావా?" అన్నారు. మాటలు ఒక్కొక్కటే, జబ్బు గొంతుతో, నెమ్మదిగా వచ్చాయి. "నువ్వన్నదే నిజం. ఇదే చివరిసారి. నీకు ఓపిక లేదు, నాకూ లేదు. దారంతా చెబుతావేమోనని చూశా. పాపం, నీకు నోరు రాలేదు."

నేను హీటరు గాలిని ఆయన వైపు తిప్పాను.

"కర్రలు ఇచ్చేద్దాంలే. కానీ ఇరవై ఏళ్లు తిన్నాం ఇక్కడ. ఆఖరి రోజున పెరుగు కలుపుకోకుండా ఎలా లేవమంటావే?"

నేను ఆ రోజు ఆయన చేత అనిపించాలని వచ్చిన మాట ఇదే. నేను అడక్కుండానే, బతిమాలకుండానే, ఆయనే అన్నారు. దానికోసమే అంత దూరం కారు నడిపాను. అయినా ఆ మాట ఆయన నోట వినగానే నాకు తట్టుకోలేనంత ఏడుపు వచ్చింది. కాదు, నేను మానను, ఏం చేస్తావో చేసుకో అని ఆయన నాతో పోట్లాడతారని అనుకున్నాను. పోట్లాటకు సిద్ధపడి వచ్చాను, దీనికి సిద్ధపడలేదు. స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఆయన చెయ్యి అలాగే నా మోకాలి మీద వణుకుతూ ఉంది.

కాసేపటికి తల ఎత్తాను. బయట నది మసకబారుతోంది. చేప వెళ్లిన వైపు నీళ్లు మామూలుగా పారుతున్నాయి. ఇన్నేళ్లూ ఈ కారులో కూర్చుని నాకు ఈ నదితో ఏం పని అనుకున్నాను. తినేది ఆయన, వడ్డించేది నేను అనుకున్నాను.

డబ్బా ఒళ్లో ఉంది. చేత్తోనే తిన్నాను. అన్నం చల్లగా గడ్డకట్టినట్టుంది, ఊరమిరపకాయ మెత్తబడిపోయింది. అడుగున మెతుకు మిగలకుండా తిన్నాను. ఆయన నా వంకే చూస్తున్నారు.

"పూర్తయిందా?" అన్నారు.

"అయింది" అన్నాను.

డబ్బాకు మూత పెట్టి, చెయ్యి తుడుచుకుని, కారు కదిలించాను.